వారానికి ఒక అరగంట

మా అబ్బా 2017లో ఈ లోకం విడిచి వెళ్లారు. అల్లాహ్ ఆయనను మన్నించి తన కారుణ్య ఛాయలో ఉంచుగాక. ఆయన మిగిల్చి వెళ్లిన ఆస్తి పెద్దదేమీ కాదు. రామచంద్రాపురం అశోక్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు, ఒక చెక్కపెట్టె నిండా పనిముట్లు, 1969లో కొన్న ఒక జావా మోటారు సైకిలు. చిల్లర బాకీలు తీర్చి, ఇల్లు అమ్మి, షరీఅత్ చెప్పిన ప్రకారం అమ్మీకి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది అన్నదమ్ములిద్దరం సమానంగా పంచుకున్నాము. పనిముట్ల పెట్టెను భాయీజాన్ కర్నూలు తీసుకువెళ్లారు. మోటారు సైకిలు మాత్రం పంపకానికి లొంగలేదు.

"దానికీ వెల కట్టిద్దాం. కావలసిన వారు మిగతావారి వాటా చెల్లించి తీసుకోవాలి. అదే పద్ధతి" అన్నారు భాయీజాన్. ఆయన మాటలో తప్పు లేదని ఈనాడు ఒప్పుకుంటున్నాను. ఆనాడు మాత్రం అబ్బా జ్ఞాపకానికి ధర కట్టమంటున్నారని మనసు కష్టపెట్టుకున్నాను. కాస్త పరుషంగా మాట్లాడాను కూడా. అమ్మీ తన వాటాను వదులుకున్నారు. భాయీజాన్ కొంతసేపు మౌనంగా ఉండి, "నా వాటా కూడా వదిలేశాను. నువ్వే ఉంచుకో. అయితే ఒక్క మాట. అది నడుస్తూ ఉండాలి. ఏనాడైనా ఆగిపోతే నాకు చెప్పాలి" అన్నారు. చెబుతానని మాట ఇచ్చాను. ఆ మాట ఎలా నిలబెట్టుకోలేకపోయానో, ఆ తరువాత ఏం నేర్చుకున్నానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆ బండికీ మా ఇంటికీ ఉన్న బంధం కొంచెం చిత్రమైనది. రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్ కర్మాగారం 1960వ దశకంలో చెకోస్లోవేకియా సాంకేతిక సహకారంతో మొదలైంది. అబ్బా అక్కడి టర్బైను విభాగంలో లేతు మీద పనిచేసేవారు. జావా కూడా ఆ దేశపు బండే. 1929లో యానెచెక్ అనే పారిశ్రామికవేత్త జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ మోటారు సైకిళ్ల తయారీని కొనుగోలు చేసి, రెండు పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి జావా అని పేరు పెట్టాడు. మన దేశంలో రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీల పూనికతో 1961లో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. దానిని అప్పటి మైసూరు గవర్నరు జయచామరాజ ఒడెయార్ ప్రారంభించారు. 1973 ప్రాంతంలో బండి పేరు యెజ్దీగా మారింది. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. "పగలు చెక్ వాళ్ల యంత్రం, సాయంత్రం చెక్ వాళ్ల బండి. నా జీతం ఇక్కడిదే గానీ జీవితం అక్కడిది" అని అబ్బా నవ్వుతూ అనేవారు.

మా బాల్యమంతా ఆ బండి ట్యాంకు మీదనే గడిచింది. ముందు నేను, నా వెనుక అబ్బా, ఆయన వెనుక భాయీజాన్, చివరన ఒక పక్కకు కూర్చున్న అమ్మీ. పండుగనాడు ఈద్గాహ్‌కు మాత్రం మగవాళ్లం ముగ్గురమే, అత్తరు వాసనతో, ఇస్త్రీ మడత నలగకుండా బిగుసుకుని కూర్చుని వెళ్లేవాళ్లం. జావాకు కిక్కరు వేరు, గేరు వేరు ఉండవు. రెండింటికీ ఒకటే కడ్డీ. దానిని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కరు, ఇంజను అందుకోగానే కిందికి దించితే అదే గేరు. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు, ఆ రెంటిలోంచి వచ్చే డబడబ శబ్దం వీధి మలుపులోనే వినబడేది. అమ్మీ దానిని విని చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేవారు.

2018లో తెల్లాపూర్‌లో అపార్ట్‌మెంటు కొనుక్కున్నాము. అబ్బా రోజులలో తెల్లాపూర్ అంటే పొలాలు, రాళ్ల గుట్టలు, రైలు పట్టాలు. ఇప్పుడు అదే నేల మీద ముప్ఫై అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. మాది పద్నాలుగో అంతస్తు. జావాకు భూగర్భంలోని రెండో పార్కింగు అంతస్తులో, ఒక స్తంభం పక్కన చోటు దొరికింది. ఖరీదైన కవరు కొని కప్పాను. ఉద్యోగం నానక్‌రామ్‌గూడలో. ఉదయం తొమ్మిదికి వెళితే రాత్రి తొమ్మిదికి తిరిగి రావడం. ఆదివారం ఉదయం మాత్రం నిష్ఠగా కిందికి దిగి, కవరు తీసి, తుడిచి, కిక్కరు కొట్టి, ఐదు నిమిషాలు ఇంజను ఆడించి, ఆపి, మళ్లీ కవరు కప్పి పైకి వచ్చేవాడిని. పొగ ఎక్కువగా వస్తోందని ఇరుగు పొరుగు వారు ఫిర్యాదు చేశాక ఆ ఐదు నిమిషాలు మూడు నిమిషాలయ్యాయి. అయినా ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. అబ్బా అమానత్‌ను కంటికి రెప్పలా చూసుకుంటున్నానన్న తృప్తితో ఐదేళ్లు గడిపాను.

2023 వర్షాకాలం ముగిసిన తరువాత ఒక ఆదివారం వాతావరణం ఎంతో ఆహ్లాదంగా ఉంది. చాలా కాలానికి బండిని బయటకు తీసి కొల్లూరు దారి పట్టాను. మూడు నాలుగు కిలోమీటర్లు బాగానే నడిచింది. ఆ తరువాత ఇంజను నుండి సన్నని ఈలలాంటి కూత మొదలైంది. బలం తగ్గింది. ఏమిటా అని ఆలోచించేలోగానే వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి, బండి పక్కకు ఈడ్చుకుపోసాగింది. చిన్నప్పుడు అబ్బా నేర్పిన పాఠం చేతికి గుర్తున్నట్టుంది. నా ప్రమేయం లేకుండానే ఎడమ చేయి క్లచ్ నొక్కింది. చక్రం విడివడింది. బండి రోడ్డు అంచుకు చేరి ఆగింది. వెనుకే వస్తున్న ఇసుక లారీ హారన్ మోగిస్తూ నన్ను రాసుకుంటున్నట్టే దాటిపోయింది. చాలాసేపు కాళ్ల వణుకు తగ్గలేదు. ఆ ముందు ఆదివారమే మా అమ్మాయి "నన్ను కూడా ఎక్కించుకో అబ్బా" అని అడిగింది. ఆ సంగతి గుర్తుకు వచ్చి ఒళ్లు జలదరించింది.

బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని పటాన్‌చెరు వైపు ఒక పాత మెకానిక్ వద్దకు తీసుకువెళ్లాను. ఆయన్ను అందరూ ఉస్తాద్ అంటారు. డెబ్బై ఏళ్లు పైబడిన మనిషి. ఇంజను జోలికి పోకుండా ముందు ట్యాంకులోని పెట్రోలును ఒక గాజు సీసాలోకి వంపి, అరుగు మీద పెట్టి, "కొంచెం ఆగండి భాయ్" అన్నారు. రెండు నిమిషాలకు సీసాలో ద్రవం రెండు పొరలుగా విడిపోయింది. పైన ఆయిలు రంగు కలిసిన ఆకుపచ్చ పొర, అడుగున దాదాపు రంగులేని పొర.

"మీ బండికి ఇంజనులో వేరే ఆయిలు ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే దానికి ప్రాణం. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు ఉంది. ఇథనాలుకు నీళ్లంటే ఇష్టం. నీళ్లు చేరితే దానిని పట్టుకుని పెట్రోలును విడిచి అడుగుకు దిగిపోతుంది. ఆయిలేమో పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. కార్బురేటరుకు వెళ్లే గొట్టం ట్యాంకు అడుగున ఉంది. మీరు నడిపినంత దూరం ఇంజను ఆయిలు లేకుండా నడిచింది" అన్నారాయన.

నీళ్లు ఎలా చేరాయో అప్పుడు అర్థమైంది. ఆ వర్షాకాలమంతా పార్కింగు కప్పులోని ఒక గొట్టం నుండి చుక్కలు చుక్కలుగా నీళ్లు కవరు మీద పడుతున్నాయి. నేను కవరు ఆరబెట్టి మళ్లీ కప్పేవాడినే గానీ, ట్యాంకు మూత కింది బెండు వాషరు ఎండి ముడుచుకుపోయిన సంగతి చూడలేదు. మన దేశంలో 2022 నాటికి పెట్రోలులో 10 శాతానికి చేరిన ఇథనాలు, 2025 నాటికి 20 శాతానికి చేరింది. పాత బండ్ల రబ్బరు గొట్టాలూ వాషర్లూ ఆ ఇంధనాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. కాబట్టి అటువంటి పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో నిలువ ఉంచడం క్షేమం కాదు.

ఉస్తాద్ ఇంజను విప్పడం మొదలుపెట్టాక నా అజ్ఞానం ఒక్కొక్క భాగంగా బల్ల మీదికి వచ్చింది. క్రాంకు బేరింగుల మీద గోధుమ రంగు తుప్పు మచ్చలు. క్రాంకు పక్కనుండే రబ్బరు ఆయిల్ సీలు చెక్కముక్కలా గట్టిపడింది. సీలు పట్టు తప్పితే ఆ సందులోంచి గాలి లోపలికి చొరబడుతుంది. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గిన మిశ్రమం ఇంజనును అతిగా వేడెక్కిస్తుంది. నేను విన్న కూతకు అదీ ఒక కారణం. కార్బురేటరు గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగిలింది. సైలెన్సర్లు రెండింటిలోనూ తడి మసి గడ్డకట్టి దారి సగం మూసుకుపోయింది. ఒకదాని అడుగు లోపలి నుండే తుప్పు తిని జల్లెడ అయింది.

"ప్రతి ఆదివారం తప్పకుండా స్టార్టు చేస్తూనే ఉన్నాను ఉస్తాద్" అన్నాను, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"ఎంతసేపు?"

"మూడు, నాలుగు నిమిషాలు."

ఆయన చేతిలోని స్పానరు కింద పెట్టారు. "అదే దీనిని తినేసింది భాయ్. ఐదేళ్లు కదపకుండా వదిలేసినా ఇంత కాదు."

ఆ తరువాత ఆయన చెప్పిన సంగతులు పాత బండి ఉన్న ప్రతి ఇంటికీ పనికి వస్తాయి. పెట్రోలు మండినప్పుడు పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజను, సైలెన్సరు పూర్తిగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. చల్లగా ఉంటే అది లోపలి గోడలకు తగిలి నీరై, మసితో కలిసి అక్కడే నిలిచిపోతుంది. అంటే నేను ప్రతి ఆదివారం బండి కడుపులో కొద్దికొద్దిగా నీళ్లు పోసి మూత పెడుతూ వచ్చానన్న మాట. నిలబెట్టి ఆడించడం వల్ల ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. ఆయిలు సరిగా మండక ప్లగ్గు మసిబారుతుంది. బ్యాటరీకి తగినంత ఛార్జి అందదు. చక్రాలు తిరగవు గనుక టైర్లు ఒకే చోట నేలను ఒత్తుకుని చదును దేరుతాయి. బ్రేకులు, కేబుళ్లు కదలక బిగుస్తాయి. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి.

"మరి ఎన్ని రోజులకొకసారి నడపాలి?" అని అడిగాను.

"వారానికి ఒకసారి చాలు. కుదరకపోతే రెండు వారాలకు ఒకసారి. అయితే తీసినప్పుడు అరగంటకు తగ్గకూడదు. ఇరవై కిలోమీటర్లన్నా పోవాలి. మొదటి ఐదు కిలోమీటర్లు నింపాదిగా, తరువాత నాలుగో గేరులో హాయిగా పోనివ్వాలి. సైలెన్సరు చివర మొదట నీటి చుక్కలు చిమ్ముతాయి. అవి ఆగి, చివర పొడిగా, చేయి పెట్టలేనంత వేడిగా అయిందంటే ఇంజను కడుపులో తడి ఆరినట్టు. ఇంటికి రెండు వీధుల దూరంలో పెట్రోలు ట్యాపు కట్టేయండి. గిన్నెలోని పెట్రోలు అయిపోయే సమయానికి గుమ్మం ముందుంటారు. ఇక గిన్నెలో జిగురు పట్టదు."

"అరగంట తీరిక దొరకని వారాలు ఉంటాయి కదా?"

"అప్పుడు ముట్టుకోకండి. ఐదు నిమిషాల కోసం లేపవద్దు. నిద్రపోనివ్వండి. నెల దాటుతుందనుకుంటే నిద్రపుచ్చడానికి ఒక పద్ధతి ఉంది. ట్యాంకు, గిన్నె ఖాళీ చేయాలి. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో రెండు చెంచాల ఆయిలు పోసి, కిక్కరును చేత్తో నాలుగైదుసార్లు తిప్పి ప్లగ్గు బిగించాలి. సైలెన్సర్ల మూతులకు గుడ్డ కుక్కాలి. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టాలి. సెంటరు స్టాండు వేయాలి. మళ్లీ లేపేటప్పుడు గుడ్డ తీయడం మరచిపోవద్దు" అని నవ్వారు ఉస్తాద్.

బండి ఉస్తాద్ దగ్గరే ఉండిపోయింది. ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. భాయీజాన్‌కు చెప్పాలి. చెబుతానని మాట ఇచ్చి ఉన్నాను. ఆరేళ్లలో మా ఇద్దరి మాటలు పండుగ రోజు ఫోనులో మూడు నిమిషాలకు కుదించుకుపోయాయి. "ఈద్ ముబారక్, అందరూ బాగున్నారా, పిల్లలు ఏం చదువుతున్నారు, అమ్మీకి ఇస్తున్నాను" అంతే. పరుషంగా మాట్లాడిన ఆ రోజు సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల అది చల్లారిపోలేదు. లోపలే తడిగా ఉండి తుప్పు పట్టించింది. బండి బాగుపడిన తరువాత చెబితే సరిపోతుందని నాకు నేను నచ్చజెప్పుకుని రెండు వారాలు గడిపాను.

అమ్మీయే అడిగారు. "ఆదివారం కిందికి వెళ్లడం లేదేం బేటా? బండి ఏమైంది?" దాచలేకపోయాను. అంతా విని ఆమె ఒక్క మాటే అన్నారు. "అన్నకు ఫోను చెయ్యి. నా కోసం మూడు నిమిషాలు మాట్లాడే ఫోను కాదు. కూర్చుని చెయ్యి."

ఆ రాత్రి ఇషా నమాజ్ తరువాత బాల్కనీలో కూర్చుని ఫోను చేశాను. లారీ సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పాను. ఇల్లు పంచుకున్న నాడు అన్న మాటకు క్షమాపణ కూడా అడిగాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. కోపం వచ్చిందనుకున్నాను. చివరకు భాయీజాన్ గొంతు వినిపించింది. "నీకు దెబ్బ తగల్లేదు కదా?" అని అడిగారు. ఆ తరువాత, "తప్పు నీ ఒక్కడిదే కాదు. నా దగ్గర ఒకటి ఉండిపోయింది. తీసుకుని వస్తున్నాను" అన్నారు.

మరుసటి శుక్రవారం ఆయన కర్నూలు నుండి వచ్చారు. సంచిలోంచి గోధుమ రంగు అట్ట వేసిన ఒక నోటు పుస్తకం తీసి నా ముందు పెట్టారు. అబ్బా పనిముట్ల పెట్టె అడుగున, గుడ్డలో చుట్టి ఉందట. ఆరేళ్లుగా ఆయన దగ్గరే ఉంది. అందులో అబ్బా చేతిరాత. తేదీ, మీటరు అంకె, పోసిన పెట్రోలు, కలిపిన ఆయిలు. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల లెక్క. ఏ నెలలో పాయింట్లు శుభ్రం చేశారు, ఏ నెలలో సైలెన్సర్ల లోపలి గొట్టాలు తీసి మసి కాల్చారు, అన్నీ ఉన్నాయి. దాదాపు ప్రతి ఆదివారం ఒక పద్దు. ఒక పద్దుకూ మరో పద్దుకూ మధ్య 48, 50 కిలోమీటర్ల తేడా. నేను పుట్టిన సంవత్సరంలో మాత్రం రెండు నెలలు ఖాళీ. దానికి ముందు వరుసలో "ట్యాంకు వంపాను. ప్లగ్గులో ఆయిలు పోశాను. సైలెన్సర్లకు గుడ్డ పెట్టాను" అని ఉంది. ఉస్తాద్ చెప్పినది అక్షరాలా అదే.

బండి నా వద్ద, దానిని ఎలా చూసుకోవాలో చెప్పే పుస్తకం ఆయన వద్ద. మధ్యలో పండుగనాటి మూడు నిమిషాల ఫోను. ఆ ఆరేళ్లలో ఒక్కసారి తీరికగా కూర్చుని మాట్లాడుకుని ఉంటే, "అబ్బా పెట్టెలో ఏమున్నాయి భాయీజాన్?" అని నేను అడిగి ఉంటే, బేరింగులకు తుప్పు పట్టేది కాదు. ఈ మాట ఇద్దరమూ పైకి అనలేదు. ఇద్దరికీ తెలిసిపోయింది.

ప్రతి ఆదివారం పద్దు చివర "శం." అని ఒక అక్షరం ఉంది. అదేమిటో మాకు అర్థం కాలేదు. ఏదైనా పరీక్షించిన గుర్తా? ఆయిలు రకమా? పుస్తకం అమ్మీకి చూపించాము. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "శంకర్‌పల్లి" అన్నారు. "మీ ఫుఫ్ఫీ ఉండేది అక్కడే కదా. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఫజ్ర్ చదువుకుని మీ అబ్బా అటే వెళ్లేవారు. పిల్లలకు రొట్టెలో, బియ్యమో, ఏదో ఒకటి పట్టుకువెళ్లి, గంట సేపు కూర్చుని వచ్చేవారు. ఆమె పోయేదాకా వెళ్లారు. మీరు నిద్ర లేచేసరికి వచ్చేసేవారు గనుక మీకు తెలియదు. ఆయన బండి కోసం బండిని తీసింది ఎప్పుడు?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. బండిని ఎన్ని రోజులకొకసారి నడపాలన్న ప్రశ్న అబ్బాకు ఏనాడూ ఎదురై ఉండదు. వారం వారం చెల్లెలిని చూడాలన్నది ఆయన నియమం. ఇరవై నాలుగు కిలోమీటర్లు పోయి, ఇరవై నాలుగు కిలోమీటర్లు రావడంతో ఇంజను లోపలి తడి దానంతట అది ఆరిపోయింది. బంధుత్వాన్ని తెంచుకోకుండా కలిపి ఉంచమని మన ధర్మం ఎంతగా చెబుతుందో మనకు తెలియనిది కాదు. ఆ పని చేయడానికి ఆయనకు ఒక బండి ఉంది. ఆ పని చేస్తూ ఉండడం వల్ల ఆ బండి మిగిలింది.

ఇంజను మరమ్మతుకు రెండు నెలలు పట్టింది. క్రాంకును విడదీసి కొత్త బేరింగులు, కొత్త సీళ్లు వేయించాము. బోరు సాపు చేయించి ఒక సైజు పెద్ద పిస్టన్ ఎక్కించారు. ఖర్చును భాయీజాన్, నేను చెరి సగం భరించాము. వద్దన్నా ఆయన వినలేదు. రిజిస్ట్రేషను విషయంలో కూడా ఒక ప్రశ్న వచ్చింది. 50 ఏళ్లు దాటిన వాహనాలకు కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 20,000 రూపాయలు రుసుము కట్టి వింటేజి వాహనంగా నమోదు చేయించుకుంటే పదేళ్ల గడువు లభిస్తుంది. అయితే అలాంటి బండిని నిత్యం రోడ్డు మీద తిప్పడానికి వీలు లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతులకు మాత్రమే తీయాలి. గౌరవం బాగానే ఉంది గానీ మాకు కావలసింది అది కాదనిపించింది. మామూలు రిజిస్ట్రేషనునే ఐదేళ్లకొకసారి పొడిగించుకునే పద్ధతిలో ఉంచాము.

ఇప్పుడు ఆదివారం ఫజ్ర్ తరువాత నా దినచర్య మారింది. ముందు రోజు రాత్రే రెండు లీటర్లకు మించకుండా పెట్రోలు, లెక్క ప్రకారం ఆయిలు కలిపి సిద్ధం చేసుకుంటాను. ట్యాంకు మూతకు కొత్త వాషరు ఉంది. బండిని గొట్టం లేని చోటుకు మార్చాను. పార్కింగులో స్టార్టు చేయను. ర్యాంపు మీదుగా వీధిలోకి నడిపించుకు వచ్చి అక్కడ కిక్కరు కొడతాను. దీనితో ఇరుగు పొరుగుతో పేచీ కూడా తీరింది. అవుటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు గనుక కొల్లూరు, వెలిమెల ఊళ్ల మీదుగా శంకర్‌పల్లి దారి పడతాను. భవనాలు వెనుకబడిన చోట బండి కూడా ఊపిరి పీల్చుకున్నట్టు గొంతు మారుస్తుంది. శంకర్‌పల్లిలో మా ఫుఫ్ఫీ కొడుకు ఉన్నాడు. అబ్బా ఖననానికి వచ్చినప్పుడు చూసిన తరువాత మళ్లీ కలవలేదు. మొదటి ఆదివారం తలుపు తట్టినప్పుడు నన్ను చూడకముందే బండి శబ్దం విని బయటికి వచ్చాడు. "మామూ వచ్చారనుకున్నాను" అన్నాడు. అంతకు మించి అతడూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. చాయ్ వచ్చింది.

రెండు నెలలకొకసారి భాయీజాన్ వస్తారు. ఆ ఆదివారం ఆయన నడుపుతారు, నేను వెనుక కూర్చుంటాను. మిగతా వారాలలో పోయి వచ్చాక అబ్బా పుస్తకంలో ఆయన చివరి పద్దు కింద, అదే వరుసలో, తేదీ, మీటరు అంకె రాస్తాను. ఆ పుట ఫోటో తీసి భాయీజాన్‌కు పంపిస్తాను. చూడగానే ఆయన ఫోను చేస్తారు. అది మూడు నిమిషాల ఫోను కాదు. అమ్మీ ఆరోగ్యం, ఆయన పెద్దమ్మాయి సంబంధం, మా అమ్మాయి చదువు, అన్నీ అందులోకి వస్తాయి. అరగంట దాటిన తరువాత అమ్మీ చేయి చాచి ఫోను లాక్కుంటారు.

అయితే ఎన్ని మాటలు మాట్లాడినా, మొదటి ప్రశ్న మాత్రం ప్రతి వారమూ ఒకటే.

"సైలెన్సరు చివర తడి ఆరిందా?"

"ఆరింది భాయీజాన్."